గరివిడి నేస్తం ఖరీదు

కళింగపట్నం దీపస్తంభం వెలుగు సముద్రం మీద ఎంత దూరం పోతుందో కొలిచినవాళ్లున్నారు. లక్ష్మణమ్మ అబద్ధం ఎంత దూరం పోతుందో కొలిచే మొనగాడు మాత్రం ఇంకా పుట్టలేదు. బడి ఆమె ధాటికి తట్టుకోలేక మూడో తరగతిలోనే ఆమెను వదిలేసింది. అప్పటి నుంచి సముద్రపొడ్డే ఆమెకు బడి, ఎండుచేపల గంపే పలక. వీధిలో ఎవరు పావుకిలో నెత్తళ్లు కొన్నా కొసరుగా ఒక కబురు పెట్టకుండా పంపేది కాదు.

ఒకసారి వలలో పడిన పీత డెక్కకి తాడు కట్టి, మొగుడు గంగులు ఆ పీత చేతే పడవను ఒడ్డుకి లాగించాడన్నది ఆ కొసర్లలో కాస్త చిన్నది. ఆ కథ విన్నవాళ్లలో నమ్మినవాళ్లు లేరు, రెండోసారి అడగనివాళ్లూ లేరు.

అయితే ఆమె సృష్టిలో అన్నిటికంటే పెద్దది ఆ పీత కాదు. గరివిడి నేస్తం.

ఆ వైపు నేస్తం కట్టుకోవడమంటే నోటి మాట స్నేహం కాదు. ఇద్దరాడవాళ్లు పెద్దల ముందు ఒకరికొకరు బొట్టు పెట్టుకుని నేస్తం కట్టుకున్నారంటే, బతికున్నన్నాళ్లూ చుట్టరికమే. ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకూడదు, ‘నేస్తం’ అనే అనాలి. ఇటు నుంచి సారె వెళ్తే అటు నుంచి ఎదురుసారె రావాలి. వట్టి చేతులతో వచ్చారంటే రెండు వీధుల పరువూ పోయినట్టే. లక్ష్మణమ్మ తన నేస్తాన్ని చిన్నప్పుడు రామతీర్థం జాతరలో సంపాదించానని చెప్పుకుంది. పేరు పలకకూడదన్న కట్టుబాటు ఉంది కనక పేరు కనిపెట్టే శ్రమ కూడా తప్పింది. ఊరేమో గరివిడి. ఫ్యాక్టరీ ఉన్న ఊరు, చేపలవాళ్లకి పనిలేని ఊరు. ఎవరూ వెళ్లి చూసిరారు.

అసలు ఆ నేస్తం ఎందుకు పుట్టిందంటే, మందు కోసం.

తొమ్మిదేళ్ల కిందట గంగులు గుజరాత్ బోట్ల మీద పని చేసి, ఎముకల గూడై ఇంటికొచ్చాడు. ఆరు నెలలకి పోయాడు. పోయే ముందు ఆసుపత్రిలో ఆమెకీ రక్తపరీక్ష చేశారు. ఆయనకున్న హెచ్‌ఐవీ ఆమెకీ ఉందని తేలింది. లక్ష్మణమ్మ మూడు రోజులు ఏడ్చి, నాలుగో రోజు గంప ఎత్తుకుంది. రోజుకొక మాత్ర వేళ తప్పకుండా వేసుకుంటే నూరేళ్లు బతకొచ్చని చెబితే, ‘నూరైతే సాలదు, నాకు బాకీలు వసూలు సేసుకోవాలి’ అని డాక్టరుతోనే బేరమాడింది. అన్నట్టే నలభై ఎనిమిదేళ్లకి కూడా ఇరవై కిలోల గంప నెత్తిన పెట్టుకుని బస్సు వెంట పరిగెత్తగలదు.

మందు ఊరికే ఇస్తారు. పరీక్షలూ ఊరికే చేస్తారు. శ్రీకాకుళంలో తీసుకుంటే అరపూట పని. కానీ శ్రీకాకుళం ఆసుపత్రి మెట్ల మీద ఏ రోజు చూసినా కళింగపట్నం వాళ్లు ఇద్దరు తగులుతారు. ఒకరికి కాలు విరిగి ఉంటుంది, ఇంకొకరికి నోరు ఖాళీగా ఉంటుంది. అందుకే ఆమె విజయనగరంలో పేరు రాయించుకుంది. నెలకోసారి పొద్దున్నే బయల్దేరి, ‘నేస్తం ఇంటికి’ అని చెప్పి వెళ్లి, సాయంత్రానికి డబ్బా మాత్రలతో వచ్చేది. మాత్రలు వక్కల పెట్టెలో అడుగున, వాటి మీద వక్కలు. మూడు నెలలవి ఒకేసారి ఇస్తామన్నా వద్దంది. అన్ని మాత్రలు దాచేంత వక్కల పెట్టె కళింగపట్నంలో ఎవరి దగ్గరా లేదు.

తొమ్మిదేళ్లు బండి సాఫీగా నడిచింది. నడిచింది గానీ, నేస్తం కాస్త ఖరీదైన మనిషి.

ఎలాగంటే, లక్ష్మణమ్మ గరివిడి వెళ్తోందనగానే ఎదురింటి తాతమ్మ ఒక పొట్లం రొయ్యపప్పు తెచ్చేది. తాతమ్మకి డెబ్బై ఏళ్లు, వరసకి లక్ష్మణమ్మకి అత్త. వీధిలో ఏ ఇంట్లో పాలు పొంగినా ఆవిడ ముక్కుకే ముందు తెలుస్తుంది. ‘నేస్తానికి నా పేరు సెప్పి ఇయ్యి’ అనేది. ఆవిడ ఇచ్చిందని పక్కింటి కోడలు అనిత నెత్తళ్లిచ్చేది. వాళ్లిద్దరూ ఇచ్చారని మిగతా వీధి. మరి ఇచ్చినవాళ్లకి ఎదురుసారె రావద్దా? తిరిగొచ్చే ముందు లక్ష్మణమ్మ విజయనగరం బజార్లో తన డబ్బుతో మైసూరుపాకు, గాజులు, రవికెల గుడ్డలు కొని, ‘నేస్తం పంపినాది’ అని పంచేది.

పోనీ ఆ చేపలు విజయనగరంలో అమ్ముకోవచ్చు కదా? అదేం మాట! నేస్తానికిచ్చిన సారె అమ్ముకుంటే కళ్లు పోవూ? నేస్తం లేకపోతేనేం, సారె సారే. కాబట్టి ఆ చేపలన్నీ మందులిచ్చే చోట పంచిపెట్టేది. కాపలావాడికో పొట్లం, రక్తం తీసేవాడికో పొట్లం, బెంచీ మీద కూర్చున్నవాళ్లకి తలా గుప్పెడు. ఆమె వచ్చిన రోజున ఆ వరండాలో దోమ కూడా వాలేది కాదని చెప్పుకుంటారు.

అలాంటి సమయంలో ఆడవాళ్లకి బస్సు ఊరికే అయింది.

ఆధార్ కార్డు చూపిస్తే చాలు, టికెట్టు సున్నా. లక్ష్మణమ్మ మొదట గంతేసింది. నెలకి రెండొందల పైచిలుకు మిగిలినట్టే. ఆ గంతు కింద పడకముందే తాతమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది, కార్డు రొంటిన దోపుకుని.

“ఒలే లచ్చనమ్మా! ఈసారి నానూ వస్తాను. తొమ్మిదేళ్లుగా దాని మైసూరుపాకు తింతన్నాను, మొకం సూడొద్దేటి?”

“దూరమత్తా! నీ మోకాళ్లు...”

“మోకాళ్లు బస్సు కాడికి రావాలి గానీ గరివిడి దాకా ఎందుకే? బస్సు తీసుకెల్తాది.”

అనిత గుమ్మంలోంచే అందుకుంది. “పోనీ నేస్తం నంబరియ్యి పెద్దమ్మా, ఈడియో కాల్ సేద్దాం.”

“సాల్లే పిల్లా! నేస్తం మొకం ఫోన్లో సూడకూడదు, ఆయుష్షు తగ్గిపోద్ది.”

“ఎవులికి?”

“అడిగినోలికి.”

అనిత ఫోను చప్పున కొంగు కింద పెట్టుకుంది. తాతమ్మ మాత్రం కదల్లేదు. ఆవిడ ఆయుష్షుకి తగ్గడమంటే తెలియదు.

ఆ నెల లక్ష్మణమ్మ వెళ్లలేదు. వెళ్తే వెనకాల తాతమ్మ, తాతమ్మ వెనకాల వీధి. ఇవాళ కాదు రేపంది, ఎల్లుండంది. ఎదురుసారెకి డబ్బు కూడా చేతిలో లేదు, సముద్రం నెలరోజులుగా ముఖం మాడ్చుకునుంది. ఇలా అవుతుందని నెల మొదట్లోనే ఆమెకి తెలుసు, వక్కల పెట్టెలో ఉన్నవేమో నెలకి సరిపడా మాత్రలే. అప్పుడు ఆమెకి ఒక ఉపాయం తోచింది. ఉప్పు తక్కువైతే చేపకి పలచగా పట్టిస్తామే, అలాగే మాత్ర కూడా రోజు విడిచి రోజు వేసుకుంటే సరి. అంతకంటే తెలివితక్కువ పని ఆమె జన్మలో ఇంకోటి చెయ్యలేదు. ఆ సంగతి చెప్పడానికి ఆమెకి సిగ్గూ లేదు.

ఇరవై రోజులు ఆలస్యంగా, తెల్లారకముందే దొంగలా బయల్దేరి విజయనగరం చేరింది. అక్కడ మందులిచ్చే చోట మంచీచెడూ చెప్పే కౌన్సెలర్ అనూరాధ ఆమె పెట్టె తీసుకుని, వక్కలు పక్కకి నెట్టి, మాత్రలు బల్ల మీద పోసింది.

“ముప్పై మాత్రలిచ్చి యాభై రోజులైంది లక్ష్మణమ్మగారూ. ఇంకా మూడున్నాయి. ఇదేం లెక్క?”

లక్ష్మణమ్మ పైకప్పు చూసింది.

“మూడుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి తుఫానన్నారు. ఎండ కాస్తోందండీ అంటే, అది మా వీధిలోనే వచ్చిందన్నారు. రెండోసారి మీరే ఎత్తి, లక్ష్మణమ్మ లేదు, నేను ఆమె చెల్లెల్ని అన్నారు. మూడోసారి రాంగు నంబరన్నారు, నా పేరు పెట్టి పిలిచి మరీ.”

“కంగారులో వచ్చీసినాదమ్మా.”

“నవ్వులాట కాదు. ఇలా విడిచి విడిచి వేసుకుంటే లోపలున్న వైరస్ మందుకి అలవాటు పడిపోతుంది. రేపు ఈ మాత్ర పనిచెయ్యదు. తొమ్మిదేళ్ల కష్టం గంగలో పోసినట్టే.”

వీధి మొత్తానికి అబద్ధం చెప్పే లక్ష్మణమ్మ అనూరాధకి మాత్రం ఎదురుగా కూర్చుని ఎన్నడూ చెప్పలేదు. ఫోన్లో చెప్పినవి లెక్కలోకి రావని ఆమె ఉద్దేశం. కాసేపు కొంగు నలిపి, మెల్లిగా అంది.

“మందు ఖరీదు పెరిగిపోనాదమ్మా. ఇయ్యలేకపోతన్నాను.”

అనూరాధ కుర్చీలోంచి లేచింది. “ఖరీదా? ఎవరికిస్తున్నారు? ఎవరడిగారు మిమ్మల్ని డబ్బు? పేరు చెప్పండి!”

“పేరు సెప్పకూడదమ్మా. నేస్తం కదా.”

ఆ తర్వాత కథంతా బయటికొచ్చింది. అనూరాధ ఒక కాగితం తీసి, మందు కోసం చేతి నుంచి అవుతున్న ఖర్చు ఒక్కొక్కటే అడిగి రాసింది. మందు సున్నా. పరీక్ష సున్నా. బస్సు సున్నా. బస్టాండు నుంచి ఆటో, రానూపోనూ నలభై. ఇడ్లీ, టీ అరవై. వ్యాపారం మానుకున్న రోజు అయిదొందలు. గీత గీయబోతుంటే లక్ష్మణమ్మ కలం పట్టుకుని ఆపింది.

“ఎదురుసారె రాయలేదు. పదమూడు వందలు.”

“లేని మనిషికి పదమూడు వందలా!”

“ఉన్నదైతే తనే ఇచ్చుకునును కదమ్మా. లేదు కాబట్టే నాకు పడతన్నాది.”

అనూరాధ నవ్వేసింది. వెంటనే ముఖం బిగించుకుని, నెల మాత్రలు లెక్కబెట్టి ఇచ్చి, రక్తపరీక్షకి చీటీ రాసింది. “వచ్చే నెల పెట్టెలో వక్కలే ఉండాలి. ఒక్క మాత్ర కనిపించకూడదు. మీరు పుట్టించిన మనిషి కోసం మీ మందు మానేస్తారా? ఆ నేస్తం సంగతి మీరే తేల్చుకోండి.”

“సంపీమంటావేటమ్మా?”

“నేనలా అనలేదు!”

అనలేదు గానీ, తిరుగుబస్సు శ్రీకాకుళం చేరేలోపే గరివిడి నేస్తం కన్నుమూసింది. ఎలా చంపాలన్నదే పెద్ద ఆలోచనైపోయింది. పాము కాటు బాగుంటుంది గానీ నొప్పి. ఫ్యాక్టరీ కొలిమి మరీ ఘోరం. తొమ్మిదేళ్ల నేస్తం, అంత కటువుగా పంపడానికి మనసొప్పలేదు. ఆఖరికి పప్పుచారు అన్నం తిని, చెయ్యి కడుక్కుని, ‘నేస్తం ఎప్పుడొస్తాదో’ అని అనుకుంటూ ఒరిగిపోయినట్టు ఏర్పాటు చేసింది. నాగావళి వంతెన మీద నిజంగానే రెండు కన్నీటి చుక్కలు రాలాయి.

వీధిలో ఆ కబురు చెప్పగానే చేసిన పొరపాటు ఆమెకి తెలిసొచ్చింది. బతికున్న నేస్తాన్ని చూడ్డానికి ఒక్క తాతమ్మ వస్తానంది. చచ్చిపోయిన నేస్తం పెద్దకర్మకి వీధంతా వెళ్లాలి! తొమ్మిదేళ్లు సారె తిన్న నోళ్లాయె. తాతమ్మ దండోరా వేసినట్టు ఏడ్చింది. కొత్త చీర కొన్నారు, బియ్యం పోగేశారు, పదకొండుమంది ఆడవాళ్లు పదకొండు ఆధార్ కార్డులు పట్టుకుని నిలబడ్డారు.

లక్ష్మణమ్మ తన విద్యంతా బయటికి తీసింది. గరివిడిలో కొలిమి మంట చూస్తే కనుబొమలు రాలిపోతాయంటే, పెళ్లికెదిగిన కూతుళ్లున్న నలుగురు ఆగిపోయారు. అక్కడి కర్మ భోజనంలో చేప ముక్క కూడా పెట్టరంటే ముగ్గురు ఆలోచనలో పడి, ఆ ఆలోచనలోనే ఉండిపోయారు. ఆ ఊరి గాలికి ఫోన్లు పేలతాయంటే అనితా, ఇంకో ఇద్దరూ వెనక్కి తగ్గారు. మిగిలింది తాతమ్మ. ఆవిడకి కనుబొమలు ఎప్పుడో రాలిపోయాయి, చేప ముల్లు నమలడానికి పళ్లు లేవు, ఫోను లేదు.

ఇద్దరూ గరివిడిలో దిగారు. తాతమ్మ నెత్తిన బియ్యం మూట, చంకలో చీర.

“ఏదే ఇల్లు?”

లక్ష్మణమ్మ కాళ్లు రెండు వీధులు అటు, రెండు వీధులు ఇటు తిరిగాయి. తాతమ్మకి అనుమానం వచ్చేలోపు ఒక మలుపులో శామియానా కనిపించింది. జనం, కుర్చీలు, వంట పొగ. కర్మ కాకపోతే ఇంకేమవుతుంది అనుకుని, “అదిగో, అదే” అనేసింది.

అనాలే గానీ తాతమ్మకి ఆలస్యమా? బియ్యం మూట కింద పడేసి, జుట్టు విరబోసుకుని, రొమ్ము మీద కొట్టుకుంటూ శామియానాలోకి దూసుకుపోయింది.

“ఓలమ్మో నేస్తమో! నా రొయ్యపప్పు తినకుండా ఎల్పోనావేటే! నీ మైసూరుపాకు ఇంకెవులు పంపుతారే!”

లోపల బెలూన్లు కట్టి ఉన్నాయి. బల్ల మీద గులాబీరంగు కేకు, దాని మీద ఒక్కటే కొవ్వొత్తి. కిరీటం పెట్టుకున్న ఏడాది పిల్ల తాతమ్మని చూసి కెవ్వున ఏడుపందుకుంది. ఆ పిల్ల తండ్రి గిరిబాబు, ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, చేతిలో కత్తితో అలాగే ఉండిపోయాడు.

“ఎవరండీ మీరు? ఎవరు పోయారు?”

తాతమ్మ ఏడుపు సగంలో ఆపి బెలూన్లు చూసింది. కేకు చూసింది. వెనక్కి తిరిగి లక్ష్మణమ్మని చూసింది. ఆ చూపుకి ఎండుచేప మళ్లీ ఒకసారి ఎండిపోయేది.

గిరిబాబు మంచివాడు. పెద్దావిడ, ఎండకి తల తిరిగి ఉంటుందనుకుని మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, ఇద్దరికీ బిర్యానీ పెట్టించాడు. తాతమ్మ పిల్ల చేతిలో పది రూపాయలు పెట్టి, రెండు ముక్కలు తిని బయటికొచ్చింది. బస్సులు ఆగే చోట సిమెంటు బెంచీ మీద కూలబడింది.

“సెప్పు.”

లక్ష్మణమ్మకి ఆ క్షణంలో పదిహేను అబద్ధాలు తోచాయి. పదిహేనూ మంచివే. కానీ ఒక్కోదాని ఖరీదు తలుచుకుంటే రొంటి బరువు చాలలేదు. అందుకని నిజం చెప్పింది. గంగులు జబ్బు, తన రక్తపరీక్ష, విజయనగరం, వక్కల పెట్టె, అన్నీ. చెప్పి, కాళ్ల వైపు చూస్తూ కూర్చుంది.

బస్సొకటి వచ్చి వెళ్లిపోయింది.

“అంటుకుంటాదేటి?”

“పక్కన కూకుంటే అంటుకోదు. తింటే అంటుకోదు. మందేసుకుంటన్నాను కదా అత్తా, రక్తంలో కనిపించనంత అణిగిపోనాది అన్నారు. మొన్న మందు తప్పినాను గానీ.”

“తప్పడమేటే, బుద్దుందా?” తాతమ్మ అరిచింది. “తొమ్మిదేళ్లు నీ సేతి సేపలు తిన్నాను, నాకేటయ్యింది? నువ్వు పోతే నాకు అరువెవులు పెడతారు?” మళ్లీ ఆగి, గొంతు తగ్గించి అడిగింది. “అయితే నేస్తం పంపినాదని నాకిచ్చిన ఆ ఎర్రంచు సీర?”

“నానే కొన్నాను.”

“రంగు బాగోలేదని నేస్తాన్ని ఆర్నెల్లు తిట్టాను.”

“విన్నాను.”

“గాజులు బిగుతని?”

“అదీ విన్నాను.”

తాతమ్మ చేతి గాజులు కొంగు కింద దాచుకుంది. లక్ష్మణమ్మ అడిగింది. “వీధిలో సెప్పీస్తావా?”

“ముందు తెలిస్తే సెప్పీసేదాన్నే. నాకు దాపరికమేటి?” తాతమ్మ నిజాయితీగా ఒప్పుకుంది. “ఇప్పుడెలగ సెప్పనే? నీ మందు సంగతి సెప్తే, నువ్వు నా ఏడుపు సంగతి సెప్తావు. పుట్టినరోజు కాడ రొమ్ము బాదుకున్నానంటే నాను ఆ వీధిలో బతకనక్కర్లేదు.”

“పిల్ల కిరీటం కూడా ఊడిపోనాది.”

“నోర్ముయ్.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా నవ్వారు. చీర మాత్రం మిగిలింది. నేస్తానికని తెచ్చిన చీర ఇంటికి తిరిగి పట్టుకెళ్లకూడదు. తాతమ్మ కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి, లక్ష్మణమ్మ ఒళ్లో పడేసింది.

“రంగు బాగోలేదు” అంది లక్ష్మణమ్మ.

ఆ సాయంత్రం కళింగపట్నంలో తాతమ్మ చెప్పిన కర్మ కథ ముందు లక్ష్మణమ్మ పీత కథ పసిపిల్ల. ఏడొందలమందికి భోజనాలు, ఏనుగంత గుండిగ, కేకు కోసి మరీ సాగనంపే గరివిడి ఆచారం! నేస్తం కొడుకులు కాళ్లు పట్టుకుని, ఇక మీదట సారెలు వద్దని బతిమాలారట. పోయినావిడ ఆఖరి కోరికట.

ఆ నెల నుంచి తాతమ్మకి మోకాళ్లు మరీ ఎక్కువయ్యాయి. వాటికి విజయనగరం డాక్టరే కుదురుతాడు, తోడుగా లక్ష్మణమ్మ వెళ్లాలి. వీధిలో ఎవరూ సారె పంపలేదు, మోకాళ్లకి సారె ఎవరు పంపుతారు?

అనూరాధ పెట్టె తెరిచింది. వక్కలు తప్ప ఏమీ లేవు. అటు తిప్పి ఇటు తిప్పి బోర్లించింది. వక్కలే.

“వేళ తప్పలేదుగా?”

“తప్పనిస్తేనా! రోజూ అన్నాల వేళకి గుమ్మంలో కూకుని మింగినావా లేదా అని నోరు తెరిపించి మరీ సూస్తన్నాది, రాకాసి.”

“ఎవరూ?”

లక్ష్మణమ్మ వరండా వైపు గడ్డం చూపించింది. బెంచీ మీద కూర్చుని ఒక ముసలావిడ కాపలావాడికి ఏనుగంత గుండిగ గురించి చెబుతోంది. కాపలావాడు నోరు తెరుచుకుని వింటున్నాడు.

అనూరాధ నవ్వు ఆపుకుంటూ పోయిన నెల కాగితం తీసింది. “సరే, ఈసారి ఖర్చు చెప్పండి. రోజు వ్యాపారం పోయింది అయిదొందలు, అది తెలుసు. ఆటో?”

“ఎనభై. ఇద్దరం కదా.”

“ఇడ్లీ, టీ?”

లక్ష్మణమ్మ నిట్టూర్చింది. “నూట నలభై రాయమ్మా. ఇది నిజంగా ఉన్న మనిషి, ఆరిడ్లీలు తింటాది.”